సుందరమ్మ ఏ ఆర్డరూ ధిక్కరించలేదు

నా సర్వీసు పదిహేడో ఏట, ఆగస్టు చివరి వారంలో, నన్ను వర్జీనియాలోని ఒక సైనిక స్థావరానికి బదిలీ చేశారు. ప్రొవోస్ట్ మార్షల్ ఆఫీసులో ఆపరేషన్స్ సార్జెంట్ ఉద్యోగం. ప్రొవోస్ట్ మార్షల్ అంటే ఆ స్థావరానికంతటికీ పోలీసు అధిపతి, మన జిల్లా ఎస్పీ లాంటివాడు. ఆపరేషన్స్ సార్జెంట్ అంటే ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి ఆలోచననూ ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చెయ్యాలో కాగితం మీద పెట్టే మనిషి. ఆలోచన బాగుంటే పేరు ఆయనకీ, బాగుండకపోతే కాగితం నాకూ వచ్చేవి.

నేను అమెరికా సైన్యంలో మిలిటరీ పోలీసుని. క్లుప్తంగా ఎం.పీ. అంటారు. ఈ రెండక్షరాలతో మా అమ్మ చాలా అవస్థ పడింది. నా పదిహేనో ఏట మేం అమెరికా వచ్చి ఎడిసన్ అనే ఊళ్ళో స్థిరపడ్డాం. అక్కడ మనవాళ్ళ దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు ఏరుకుంటూ అమ్మ ఎవరితోనైనా "మా అమ్మాయి ఎం.పీ." అంటే, అవతలావిడ ఏ పార్టీ అని అడిగేది. ఆర్మీ అని అమ్మ చెప్పేది. అదేదో కొత్తగా పెట్టిన పార్టీ అనుకుని వాళ్ళు తల ఊపి వెళ్ళిపోయేవారు.

ఈ దేశంలో త్రివిధ దళాలన్నిటికీ కలిపి ఒకే మిలిటరీ పోలీసు లేదు. సైన్యానికి ఒకటి, నౌకాదళానికి ఒకటి, వైమానిక దళానికి ఒకటి. ఎవరి ఆవరణలో వాళ్ళదే అధికారం. మా స్థావరంలో గేటు దాటితే నేను కూడా అందరిలాగే ట్రాఫిక్ లైటు దగ్గర ఆగే మామూలు మనిషిని. గేటు బయట కౌంటీ పోలీసులది రాజ్యం. లోపల మళ్ళీ వాటాలున్నాయి. రోడ్ల మీద తిరిగే గస్తీ సెక్షను ఒకటి, ట్రాఫిక్ సెక్షను ఒకటి, పోలీసు కుక్కల సెక్షను ఒకటి, చిల్లర నేరాలు దర్యాప్తు చేసే సెక్షను ఒకటి. పెద్ద నేరాలైతే మాతో సంబంధం లేని వేరే విభాగం సూట్లు వేసుకుని వస్తుంది. వీటన్నిటికీ మధ్యలో డెస్క్ సార్జెంట్ కూర్చుంటుంది. ఫోన్లు, రేడియో, బ్లాటర్ ఆమె చేతిలో ఉంటాయి. బ్లాటర్ అంటే మన స్టేషన్లలో జనరల్ డైరీ. చీమ చిటుక్కుమన్నా అందులో ఎక్కాలి.

సెప్టెంబరు ఇరవై ఆరు మా దళం పుట్టినరోజు. పంతొమ్మిది వందల నలభై ఒకటిలో ఆ రోజున దీన్ని శాశ్వత దళంగా ఏర్పాటు చేశారు. అంతకు ముందు నూట అరవై ఏళ్ళకు పైగా యుద్ధం వచ్చినప్పుడల్లా మిలిటరీ పోలీసుల్ని పోగుచెయ్యడం, యుద్ధం అయిపోగానే ఇళ్ళకి పంపెయ్యడం జరిగేది. మొట్టమొదటి దళం స్వాతంత్ర్య యుద్ధ కాలం నాటిది, పదిహేడు వందల డెబ్భై ఎనిమిదిలో పుట్టింది. వాళ్ళకి ఫ్రెంచి పేరు పెట్టి గుర్రాలిచ్చారు. సైన్యం వెనకాల తిరుగుతూ పారిపోయినవాళ్ళనీ, దారి తప్పినవాళ్ళనీ, కోళ్ళు దొంగిలించినవాళ్ళనీ పట్టి తేవడం వాళ్ళ పని.

మా ప్రొవోస్ట్ మార్షల్ లెఫ్టినెంట్ కర్నల్ ప్రూయిట్ చరిత్ర అంటే ప్రాణం పెట్టే మనిషి. పుట్టినరోజు వేడుకలో ఆ మొదటి దళపు వేషంలో ఒక అధికారి నిజం గుర్రం మీద రావాలని మీటింగులో ప్రకటించాడు. సైన్యానికి ఉత్సవాల గుర్రాలు వేరే చోట ఉన్నాయి గానీ వాటికి ఆ వారం ఖాళీ లేదు. గుర్రం ఎక్కడ దొరుకుతుందని ఆయన గదంతా కలయజూశాడు. అందరూ బల్ల వంక చూశారు. హెర్న్‌డన్ ఊరికి పడమటగా మాకు తెలిసిన ఒక డాక్టరుగారికి గుర్రం ఉందని నేను అన్నాను. మీటింగులో విషయం తెలిసినవాళ్ళు నోరు తెరిస్తే ఆ పని వాళ్ళదే అవుతుంది. పదిహేడేళ్ళ సర్వీసు ఉండి కూడా ఆ సంగతి మరిచిపోయాను.

డాక్టర్ విశ్వనాథంగారిది తెనాలి దగ్గర. యాభై ఏళ్ళ కిందట వచ్చి గుండె డాక్టరుగా పేరు తెచ్చుకుని రిటైరయ్యారు. తోటివాళ్ళు గోల్ఫ్‌లోకి దిగితే ఆయన ఐదెకరాల పొలం కొనుక్కుని ఒక తెల్ల ఆడ గుర్రాన్ని పెంచుకున్నారు. దాని పేరు సుందరమ్మ. పిల్లగా ఉన్నప్పుడు కొన్నారట. అప్పటికి దానికి పద్నాలుగేళ్ళు.

నేను వెళ్ళేసరికి డాక్టరుగారు కంచె దగ్గర నిలబడి దానితో మాట్లాడుతున్నారు. రాత్రి గడ్డి సరిగ్గా తినలేదేమని అడుగుతున్నారు. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన సంతోషించారు. సుందరమ్మకి ఊరు చూసే అవకాశం ఎప్పుడూ రాలేదన్నారు. నాకు గుర్రాలంటే భయం. తంతుందా, కరుస్తుందా, బెదురుతుందా అని నా పుస్తకంలో రాసుకున్న ప్రశ్నలన్నీ అడిగాను. ఆయనకి కొంచెం కోపం వచ్చినట్టుంది.

"అమ్మాయ్, ఇది చెప్పిన మాట వింటుంది. నా దగ్గర పనిచేసిన డాక్టర్లలో కూడా ఇంత మాట వినేవాళ్ళని చూడలేదు," అన్నారు.

ఆ మాట రాసుకున్నాను. ఆయన దాన్ని పిలిచి, ఆపి, వెనక్కి తిప్పి, కాలెత్తించి చూపించారు. అంతా సవ్యంగా జరిగింది. ముచ్చటపడి తిరిగి వచ్చాను.

ఆ తరవాత మూడు వారాలు కాగితాలు. గుర్రాన్ని గేటులోంచి లోపలికి తేవాలంటే కంప్యూటర్‌లో అది మనిషో, వాహనమో, సరుకో చెప్పాలి. మనిషి అంటే ఫొటో గుర్తింపు కార్డు అడిగింది. వాహనం అంటే ఇన్సూరెన్స్ అడిగింది. చివరికి ఉత్సవ సామగ్రి అని రాశాం. డెస్క్ సార్జెంట్ ఒర్టెగా దాన్ని రికార్డుల్లో ఎక్కించేటప్పుడు పేరు పలకలేక సాండ్రా అని రాసింది. పోలీసు కుక్కల సెక్షను వాళ్ళని ఆ ఒక్క పూటకి దాని బాధ్యత తీసుకోమని అడిగాను. తమ నిబంధనల పుస్తకంలో కుక్క అనే ఉంది తప్ప నాలుగు కాళ్ళని లేదని వాళ్ళ సార్జెంట్ మర్యాదగా చెప్పాడు. పైగా ర్యాంకు చిక్కొకటి తెచ్చాడు. పోలీసు కుక్కకి దాన్ని నడిపే సైనికుడి కంటే ఒక ర్యాంకు ఎక్కువ ఉన్నట్టు భావించడం మాలో ఆనవాయితీ, నడిపేవాడు దాన్ని గౌరవంగా చూడాలని. ఇక్కడ ఎక్కేవాడు కెప్టెన్ కాబట్టి సుందరమ్మ మేజర్ అవుతుంది. మేజర్‌ని కుక్కల షెడ్డులో కట్టెయ్యడం బాగుండదన్నాడు. అతను నవ్వకుండా చెప్పడం వల్ల నేను కూడా నవ్వకుండా రాసుకున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ప్రమాదాల అంచనా పట్టిక. సైన్యంలో ఈత పోటీ పెట్టినా, చెట్టు కొట్టినా ముందు ఈ పట్టిక నింపాలి. ఏం జరగవచ్చు, దానికి ఏం జాగ్రత్త తీసుకున్నాం, తీసుకున్నాక ఎంత ప్రమాదం మిగిలింది. కాటు, తన్ను, ఎండ, బ్యాండు మేళం చప్పుడు, పేడ, అన్నీ రాశాను. మిగిలిన ప్రమాదం తక్కువ అని రాసి సంతకం పెట్టాను. ఆ ఏడాదే మాస్టర్ సార్జెంట్ ప్రమోషన్ కోసం నా పేరు బోర్డు ముందుకి వెళ్ళాల్సి ఉంది. నా పనితీరు నివేదిక కర్నల్ ప్రూయిట్ రాయాలి. అందుకని ఆ పట్టికని మూడుసార్లు సరిచూశాను.

గుర్రం ఎక్కేది కెప్టెన్ విట్లో. మా కంపెనీ కమాండర్, అంటే నూట యాభై మంది ఎం.పీ.లకి పెద్ద. చిన్నప్పుడు తాతగారి పొలంలో స్వారీ చేశానని చెప్పాడు. ముందురోజు రిహార్సల్‌లో డాక్టరుగారు స్వయంగా తాడు పట్టుకుని మైదానమంతా నడిపించారు. కెప్టెన్ పైన హాయిగా కూర్చున్నాడు. సుందరమ్మ పెళ్ళినడక నడిచింది. అది చూసి కర్నల్ ముచ్చటపడి, అంత పెద్దాయన చేత తాడు పట్టించడం మర్యాద కాదని, వేడుక రోజున ఆయన్ని ముందు వరసలో ముఖ్య అతిథుల పక్కన కూర్చోబెట్టమని నన్ను ఆదేశించాడు. నేను కుర్చీ మీద ఆయన పేరు అంటించాను.

వేడుక ఉదయం పది గంటలకి. బ్యాండు, జెండాలు, వరసలు తీరిన మూడు ప్లటూన్లు. డాక్టరుగారు సూటు వేసుకుని వచ్చారు. కెప్టెన్ ఆకుపచ్చ ముఖమల్ కోటు వేసుకుని, ఇత్తడి టోపీ పెట్టుకుని, నడుముకి చెక్క కత్తి కట్టుకుని సుందరమ్మ మీద మైదానంలోకి వచ్చాడు. మైకు ముందు నేను చరిత్ర చదువుతున్నాను. గుర్రం వేదిక ఎదురుగా వచ్చి ఆగాలి, కెప్టెన్ సెల్యూట్ చెయ్యాలి. ఆపడానికి కెప్టెన్ కళ్ళెం లాగి "వో" అన్నాడు. ఈ దేశంలో గుర్రాన్ని ఆపడానికి అందరూ అనే మాట అది.

సుందరమ్మ ఆగకుండా వేదిక దాటి నడిచింది. కెప్టెన్ ఇంకొంచెం గట్టిగా "వో" అన్నాడు. అది వడివడిగా అడుగులేసింది. నేను చేతిలో ఉన్న కాగితం చూసి చదువుతూనే ఉన్నాను. పారిపోయినవాళ్ళని పట్టి తేవడమే మా దళం మొదటి కర్తవ్యం అనే వాక్యం దగ్గర తలెత్తేసరికి గుర్రం మైదానం అంచున ఉంది. దారిలో నిలబడ్డ ప్లటూను సార్జెంట్ చేతులు చాచి తనూ "వో" అన్నాడు. అతని వెనక ముప్ఫై మంది క్రమశిక్షణ కలిగిన సైనికులు ముక్తకంఠంతో "వో" అన్నారు. సుందరమ్మ వాళ్ళ పక్కనుంచి పరుగు అందుకుంది. కెప్టెన్ ఇత్తడి టోపీ దొర్లుకుంటూ వచ్చి వేదిక మెట్ల దగ్గర ఆగింది.

కర్నల్ నా వంక చూశాడు. నేను డాక్టరుగారి దగ్గరకి పరిగెత్తి, ఆయన్ని దాదాపు ఎత్తుకెళ్ళినంత పని చేసి గస్తీ కారులో కూర్చోబెట్టి బయల్దేరాను. ఆయన సీటు బెల్టు పెట్టుకోవడానికి కొంచెం సమయం తీసుకున్నారు.

రేడియోలో అప్పటికే గొడవ మొదలైంది. ఒర్టెగా నిదానంగా, ఇది ఏ సెక్షను కేసని అడుగుతోంది. గస్తీ వాళ్ళు గుర్రం రోడ్డు మీద ఉంది కాబట్టి ట్రాఫిక్ అన్నారు. ట్రాఫిక్ వాళ్ళు దానికి నెంబరు ప్లేటు లేదు కాబట్టి జంతువుల కిందికి వస్తుందన్నారు. కుక్కల సెక్షను వాళ్ళు తమ అభిప్రాయం ముందే రాతపూర్వకంగా ఇచ్చామన్నారు. దర్యాప్తు సెక్షనులో ఒకతను, గుర్రం మీద ఉన్న కెప్టెన్ తన ఇష్టంతో వెళ్తున్నాడా లేదా అన్నదాన్ని బట్టి ఇది కిడ్నాపు కావచ్చనీ, అయితే పెద్ద విభాగానికి చెప్పాలనీ అన్నాడు.

గుర్రం మెయిన్ గేటు వైపు వెళ్తోందని విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. గేటు బయట నాలుగు వరసల హైవే. గేట్లో వాహనాల్ని ఆపే ఇనుప అడ్డు ఉంది, బటను నొక్కితే నేలలోంచి లేస్తుంది. అది నడుము ఎత్తు కూడా ఉండదు. ఎత్తకపోతే గుర్రం హైవే మీదకి వెళ్తుంది. ఎత్తితే దానికి కొట్టుకుని గుర్రం కాళ్ళు విరుగుతాయి, కెప్టెన్ మెడ విరుగుతుంది. అడ్డు ఎత్తాలా వద్దా అని గేటు కాపలావాడు అడుగుతున్నాడు. నేను జవాబు చెప్పాలి. మాకు ముందు రెండు గస్తీ కార్లు లౌడ్‌స్పీకర్లలో "వో, వో" అని అరుస్తూ గుర్రాన్ని తరుముతున్నాయి. అరిచినకొద్దీ అది వేగం పెంచుతోందని, దానికి పిచ్చెక్కిందేమోనని అందులో ఒకతను రేడియోలో చెప్పాడు.

డాక్టరుగారు అద్దంలోంచి చూస్తున్నారు. ఆయన ముఖంలో కంగారు లేదు. కొంచెం నొచ్చుకున్నట్టు ఉంది.

"వాళ్ళంతా దాన్ని పో, పో అంటున్నారు కదమ్మా. పోతోంది," అన్నారు.

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. సుందరమ్మకి వచ్చింది తెలుగు ఒక్కటే. పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆయన దానితో ఇంకో భాష మాట్లాడలేదు. "పో" అంటే నడుస్తుంది, మళ్ళీ అంటే పరిగెత్తుతుంది, "ఆగు" అంటే ఆగుతుంది. కళ్ళెం కంటే మాటే వినడం దానికి అలవాటు, దాని చెవికి "వో" "పో"లాగే వినిపించింది. ఈ సంగతి నాకెందుకు చెప్పలేదని తరవాత అడిగితే, నువ్వు చూశావు కదమ్మా అన్నారు. నిజమే. కంచె దగ్గర ఆయన దాన్ని పిలవడం, ఆపడం, తిప్పడం అంతా నా కళ్ళెదుటే, తెలుగులోనే జరిగింది. నాకు అది భాషలా తోచలేదు. మాట్లాడుకోవడంలా తోచింది, అంతే.

రేడియో తీసుకుని, ఎవరూ ఆ మాట అనవద్దని ఆర్డరు వేశాను. ఏ మాట అని ఒర్టెగా అడిగింది. గస్తీ కార్ల కిటికీలు తెరిచి ఉన్నాయి, నేను చెబితే వాటి రేడియోల్లోంచి గుర్రానికి వినిపిస్తుంది. మీరందరూ ఇప్పుడు అంటున్న మాటే, అన్నాను. లౌడ్‌స్పీకర్లు ఆగిపోయాయి. అడ్డు ఎత్తవద్దని గేటుకి చెప్పాను. హైవే మీద వాహనాలు ఆపమని కౌంటీ పోలీసుల్ని అడగమని ఒర్టెగాకి చెప్పాను. గేటుకి ఇంకో వంద గజాలు ఉండవచ్చు.

డాక్టరుగారి గొంతు ఎనభై దాటిన గొంతు. కారులో పక్కనున్న నాకే కష్టం మీద వినిపిస్తుంది, మైకుకి కూడా అందదు. లౌడ్‌స్పీకర్ మైకు నేనే తీసుకుని పెరేడ్ గొంతుతో "సుందరమ్మ, ఆగు" అన్నాను. గుర్రం చెవులు వెనక్కి తిరిగాయి గానీ కాళ్ళు ఆగలేదు. డాక్టరుగారు నా మోచెయ్యి మీద చెయ్యి వేశారు.

"సార్జెంటులా కాదమ్మా. ఇంట్లో పిల్లని పిలిచినట్టు పిలువు."

నేను సైన్యంలో చేరాక ఇంట్లో పిల్లని పిలిచినట్టు ఎవరినీ పిలిచి ఎరగను. మా అమ్మ నన్ను పిలిచే పద్ధతి ఒక్కటే గుర్తొచ్చింది. "సుందరమ్మా, ఆగు తల్లీ, ఎక్కడికే బంగారం, ఆగమ్మా, మా అమ్మ కదూ," అన్నాను. గస్తీ కారు లౌడ్‌స్పీకర్ శక్తిగలది. గేటు దగ్గర క్యూలో ఉన్న కార్లకి, మైదానంలో ముఖ్య అతిథులకి, ఆసుపత్రి మేడ మీద కిటికీల్లో నిలబడ్డ రోగులకి అందరికీ వినిపించింది.

సుందరమ్మ నెమ్మదించి, నడిచి, గేటుకి ఇరవై అడుగుల దూరంలో ఆగింది. డాక్టరుగారు కారు దిగి వెళ్ళి కోటు జేబులోంచి బెల్లం ముక్క తీసి పెట్టారు. కెప్టెన్ విట్లో దిగి, రెండు కాళ్ళ మీదా నిలబడగలనని రూఢి చేసుకుని, మా ముగ్గురికీ కలిపి ఒక సెల్యూట్ చేశాడు. అతను ఆపబోయిన ప్రతిసారీ గుర్రానికి పొమ్మన్నట్టు వినిపించిందని నేను వివరించాను. అతను గుర్రానికి క్షమాపణ ఎలా చెప్పాలో అడిగాడు. డాక్టరుగారు ఆ అవసరం లేదన్నారు.

వేడుక అరగంట ఆలస్యంగా పూర్తయింది. ఈసారి తాడు డాక్టరుగారే పట్టుకున్నారు. ముందు వరసలో ఆయన పేరు అంటించిన కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

మధ్యాహ్నం బ్లాటర్‌లో నమోదు చెయ్యడానికి ఒర్టెగా నన్ను కూర్చోబెట్టింది. పేరు సాండ్రా, ఆడ, వయసు పద్నాలుగు. భాష అనే గడిలో తెలుగు అని రాసింది. దుబాసి ఉన్నారా అన్న చోట నా పేరు రాసింది. వ్యక్తి అధికారుల చట్టబద్ధమైన ఆదేశాల్ని ధిక్కరించారా అనే ప్రశ్న వచ్చింది. ఒర్టెగా పన్నెండేళ్ళు డెస్కు మీద పనిచేసిన మనిషి, ఏదీ తేలిగ్గా రాయదు. ధిక్కరించలేదు, అర్థమైన ప్రతి ఆదేశాన్నీ వెంటనే పాటించారు అని రాసింది. కేసు ఎవరి ఖాతాలోకీ వెళ్ళకుండానే మూసేశారు.

మర్నాడు సమీక్ష మీటింగు. ఏదైనా కార్యక్రమం అయ్యాక మాలో తప్పకుండా చేస్తాం. ఏం జరగాలి, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఈసారి ఏం చెయ్యాలి. ర్యాంకు చూసుకోకుండా మాట్లాడుకోవాలని నియమం. కర్నల్ ప్రూయిట్ నా ప్రమాదాల పట్టిక తెరిచి, పేడ గురించి నాలుగు వరసలు ఉన్నాయి, గుర్రానికి ఇంగ్లీషు రాదన్న సంగతి ఎక్కడుందని అడిగాడు. లేదన్నాను. నాకు తెలుసా అని అడిగాడు. విన్నాను గానీ గమనించలేదని చెప్పాను. ఆయన ఆ జవాబుని రాసుకున్నాడు. తాడు పట్టుకున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టిన ఆర్డరు తనదేనని కూడా రాసుకున్నాడు. నాకు లిఖితపూర్వకంగా ఒక మందలింపు ఇచ్చాడు. అది ఫైలులో ఉండగానే నా పనితీరు నివేదిక కూడా రాశాడు. అనుకోని పరిస్థితిలో స్పష్టమైన ఆదేశాలిచ్చి ప్రాణనష్టం తప్పించినట్టు అందులో ఉంది. ఆ ఏడాది బోర్డు నన్ను ఎంపిక చెయ్యలేదు, మరుసటి ఏడాది చేసింది. రెండిటికీ గుర్రమే కారణమని నేను చెప్పలేను.

ఆ ఘటన నాకు నేర్పింది ఇది. పథకం రాసే మనిషి తనకి తెలియని వాటి గురించి జాగ్రత్తగానే అడుగుతుంది. తనకి పుట్టుకతో వచ్చినదాన్ని గురించి ఎవరినీ అడగదు, కాగితం మీద పెట్టదు. ఆ తరవాత నా చేతి మీదుగా వెళ్ళిన ప్రతి ప్రమాదాల పట్టికలోనూ, ఆదేశం ఇచ్చేవారికీ అందుకునేవారికీ తెలిసిన ఉమ్మడి భాష ఏది అని ఒక వరస కలిపాను. దాదాపు ప్రతిసారీ జవాబు ఇంగ్లీషు అనే ఉండేది. అనవసరమని పై అధికారులు ఆ వరస కొట్టేసేవారు. తరవాతి పట్టికలో మళ్ళీ రాసేదాన్ని.